రియాక్టర్ ఆయుష్షు అర మిల్లీమీటరు ఉక్కులో

2047 నాటికి 100 గిగావాట్ల అణువిద్యుత్. 2025 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్‌లో చెప్పిన లక్ష్యం ఇది. ఇప్పుడున్నది 9 గిగావాట్ల లోపే. చిన్న రియాక్టర్ల పరిశోధనకు 20,000 కోట్లు కేటాయించారు, 2033 కల్లా మన దేశంలో రూపొందించినవి కనీసం ఐదు నడవాలన్నారు. అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు ‘శాంతి’ చట్టాన్ని ఆమోదించింది. దాంతో 1962 నాటి అణుశక్తి చట్టం, 2010 నాటి పౌర బాధ్యత చట్టం పక్కకు వెళ్లిపోయాయి. ప్రైవేటు కంపెనీలు కూడా అణువిద్యుత్ కేంద్రాలు కట్టి నడుపుకునే దారి తెరుచుకుంది.

పోటీ పరీక్షలకు చదువుతుంటే ఇవన్నీ మీ కరెంట్ అఫైర్స్ నోట్సులో ఈపాటికే ఉండి ఉంటాయి. ఆ నోట్సులో ఉండని ఒక అంకె చెబుతాను: 0.45 మిల్లీమీటర్లు.

తమిళనాడులోని కల్పాక్కంలో 500 మెగావాట్ల ప్రోటోటైప్ ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్ ఉంది కదా, 2024 మార్చి 4న ప్రధాని సమక్షంలో కోర్ లోడింగ్ మొదలైనది. అందులో ఇంధనం నింపే స్టీల్ గొట్టం గోడ మందం అది. గొట్టం మొత్తం వ్యాసం 6.6 మిల్లీమీటర్లు, అంటే మీ చేతిలోని పెన్సిల్ కంటే కాస్త సన్నం. ఇలాంటి పిన్నులు 217 కలిపితే ఒక కట్ట. అలాంటి ఇంధన కట్టలు 181. గుణించి చూడండి, 39,277 పిన్నులు. ప్రతి పిన్ను లోపల యురేనియం, ప్లుటోనియం ఆక్సైడ్ బిళ్లలు ఉంటాయి. బయట 400 నుంచి 550 డిగ్రీల వేడిలో ద్రవ సోడియం పారుతుంటుంది. రెంటికీ మధ్య ఉన్నది ఆ అర మిల్లీమీటరు కూడా లేని ఉక్కు గోడే.

ఆ గొట్టం మన హైదరాబాద్‌దే. దాని ఉక్కు పేరు డీ9. కంచన్‌బాగ్‌లోని మిధాని ఇలాంటి ప్రత్యేక ఉక్కులను కరిగించి పోస్తుంది. ఈసీఐఎల్ దగ్గరున్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, అందరూ ఎన్‌ఎఫ్‌సీ అంటారు, గొట్టంగా లాగుతుంది. 1970ల మొదట్లో పుట్టిన సంస్థలివి. మన దగ్గర ఇంజినీరింగ్ చేసేవాళ్లలో ఎక్కువ మంది ఆ గేట్ల ముందు నుంచే మాదాపూర్‌కు వెళ్తారు. తప్పేమీ లేదు. అయితే లోపల జరిగే పని ఏమిటో తెలిశాక వెళ్తే బాగుంటుందని నా ఉద్దేశం.

ఒక రియాక్టర్ ఎంతకాలం నడుస్తుంది, ఇంధనాన్ని ఎన్నాళ్లు లోపల ఉంచొచ్చు, యూనిట్ కరెంటు ఎంత పడుతుంది అనేవి యురేనియం నిల్వల మీదే ఆధారపడవు. చాలావరకు వాటిని తేల్చేది ఉక్కు. ఆ ఉక్కును న్యూట్రాన్లు లోపల్నుంచి పాడు చేస్తుంటాయి.

సీటు ఖాళీ, నడవలో మనిషి

చింతపల్లి నుంచి లంబసింగి మీదుగా నర్సీపట్నం దిగే పల్లెవెలుగు బస్సును ఊహించుకోండి. సీట్లన్నీ నిండాయి. ఎవరి సీట్లో వాళ్లున్నారు. ఉక్కు లోపల ఇనుము, క్రోమియం, నికెల్ పరమాణువులు కూడా ఇలాగే వరసల్లో, దేని చోట అది కూర్చుని ఉంటాయి. ఇప్పుడు ఘాట్‌లో ఒక పెద్ద కుదుపు. ముందు వరసలో ఒకాయన సీట్లోంచి ఎగిరి పక్కవాళ్ల మీద పడ్డాడు, వాళ్లు వెనకవాళ్ల మీద. క్షణంలో సగం బస్సు లేచి నిలబడింది.

వేగంగా వచ్చే న్యూట్రాన్ చేసేది ఇదే. ఇనుము పరమాణువును దాని చోటు నుంచి కదపడానికి సుమారు 40 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి చాలు. విచ్ఛిత్తిలో పుట్టే న్యూట్రాన్ దగ్గర సగటున 20 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు ఉంటుంది. అది ఒక్క పరమాణువును కొడితే, ఆ పరమాణువు పోయి మరో వందల పరమాణువులను లేపేస్తుంది. సెకనులో లక్ష కోట్ల వంతు అంటారు చూడండి, అలాంటి కొన్ని వంతుల్లో అంతా అయిపోతుంది.

తర్వాత? బస్సులో జరిగేదే. చాలామంది దొరికిన సీట్లో కూర్చుంటారు. అయితే కొందరు నడవలో నిలబడిపోతారు, అన్ని సీట్లూ ఖాళీగా మిగిలిపోతాయి. ఉక్కులోనూ అంతే, కొన్ని చోట్లు ఖాళీ అవుతాయి, కొన్ని పరమాణువులు వరసల మధ్య ఇరుక్కుంటాయి.

దీన్ని కొలవడానికి ‘డీపీఏ’ అనే లెక్క ఉంది. సగటున ప్రతి పరమాణువూ ఎన్నిసార్లు తన చోటు నుంచి లేచిందో చెప్పే సంఖ్య. కల్పాక్కం గొట్టానికి డిజైన్‌లో పెట్టుకున్నది 80కి పైగా. అంటే గొట్టంలోని ప్రతి పరమాణువూ 80 సార్లకు పైగా లేచి కూర్చోవాలి, అయినా గొట్టం గొట్టంలాగే ఉండాలి! ఏ వంతెనకూ, ఏ విమానానికీ ఇలాంటి షరతు ఉండదు.

ఉక్కు ఉబ్బుతుంది

1967 దాకా ఇంజినీర్ల భయం వేరు. ఉక్కు గట్టిపడుతుంది, పెళుసవుతుంది అనుకున్నారు. అది నిజం కూడా. ఆ ఏడాది కాథోర్న్, ఫుల్టన్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు స్కాట్లండ్‌లోని డూన్‌రే ఫాస్ట్ రియాక్టర్‌లో వాడిన స్టెయిన్‌లెస్ స్టీల్‌ను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూశారు. లోపలంతా సూక్ష్మమైన రంధ్రాలు. ‘నేచర్’ పత్రికలో ఆ సంగతి అచ్చయ్యాక ప్రపంచమంతటా ఫాస్ట్ రియాక్టర్ల డిజైన్లు మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది.

రంధ్రాలు ఎలా వచ్చాయి? మళ్లీ బస్సులోకి రండి. నడవలో నిలబడ్డవాళ్లు తలుపు దగ్గరికి త్వరగా చేరతారు. ఉక్కులో ఆ తలుపులు ‘డిస్‌లొకేషన్లు’, అంటే వరసలు తప్పిన గీతలు. ఇరుక్కున్న పరమాణువులను అవి కాస్త ఎక్కువగా లాక్కుంటాయి. దాంతో ఖాళీ చోట్లు మిగిలిపోతాయి. 400 డిగ్రీల కంటే తక్కువలో ఈ ఖాళీలు పెద్దగా కదల్లేవు. 650 దాటితే గుంపుగా నిలవలేవు. మధ్యలో మాత్రం కదులుతూ ఒకదాన్నొకటి చేరి రంధ్రాలవుతాయి. సోడియం రియాక్టర్ నడిచే వేడి సరిగ్గా ఆ మధ్యలోనే ఉంది. దురదృష్టం అంటే ఇదే.

రంధ్రాలు పెరిగితే ఉక్కు ఉబ్బుతుంది. బరువు అంతే ఉంటుంది, పరిమాణం పెరుగుతుంది. 6 శాతం ఉబ్బితే పొడవు 2 శాతం పెరిగినట్టు. వినడానికి చిన్నదే. కానీ గొట్టాల మధ్య సోడియం పారే సందు ఎంత? సన్నని తీగ చుట్టి ఎడంగా ఉంచినంత. పైగా కోర్ మధ్యకు ఉన్న వైపు న్యూట్రాన్లు ఎక్కువ, బయటి వైపు తక్కువ. ఒక పక్క ఎక్కువ ఉబ్బితే కట్ట విల్లులా వంగుతుంది. పక్క కట్టను తగులుతుంది. బయటికి తీసేటప్పుడు ఇరుక్కుంటుంది. ఇంధనంలో ఇంకా సత్తువ ఉన్నా, ఉక్కు ఇక చాలంది కాబట్టి తీసేయాల్సి వస్తుంది. యూనిట్ ధర పెరిగేది ఇక్కడే.

ఇంకో సంగతి చూడండి. ఈ రకం ఉక్కుల్లో ఉబ్బు ఒకసారి ఊపందుకున్నాక వేగం దాదాపు ఒకటే, ఒక్కో డీపీఏకి సుమారు ఒక శాతం. ఖరీదైన ఉక్కు, మామూలు ఉక్కు అని తేడా లేదు. మనం చేయగలిగిందల్లా అది మొదలయ్యే రోజును వెనక్కి జరపడం. లోహశాస్త్రజ్ఞులు యాభై ఏళ్లకు పైగా చేస్తున్న పోరాటం ఈ వాయిదా కోసమే.

హైదరాబాద్‌లో ఆ వాయిదా ఎలా వేస్తారంటే

మన ఇంట్లో మంచి రకం స్టీలు గిన్నెలో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. డీ9లో రెండూ చెరో 15 శాతం. నికెల్ పెంచితే ఉబ్బు ఆలస్యమవుతుంది. కొద్దిగా టైటానియం కలుపుతారు. అది కార్బన్‌తో కలిసి అతి సూక్ష్మమైన రేణువులవుతుంది. న్యూట్రాన్లు తగిలినప్పుడు ఉక్కులో హీలియం పుడుతుంది కదా, ఆ వాయువు ఒకచోట పోగవకుండా ఈ రేణువులు పట్టి ఉంచుతాయి.

ఇక గొట్టం లాగేవాళ్ల పని. చివరి దశలో గొట్టాన్ని వేడి చేయకుండానే 20 శాతం మేర సన్నబరుస్తారు. దీన్ని కోల్డ్ వర్క్ అంటారు. దాంతో ఉక్కులో ‘తలుపులు’ బోలెడు ఏర్పడతాయి, ఖాళీలు కూడా వాటిలోకి పోయి రంధ్రాలుగా మారడం ఆలస్యమవుతుంది. తక్కువ లాగితే ఫలితం రాదు. మరీ ఎక్కువ లాగితే రియాక్టర్ వేడికి ఉక్కు తన పాత మెత్తని రూపానికి తిరిగిపోతుంది. కాబట్టి ఆ 20 శాతం దాదాపు 40 వేల గొట్టాల్లోనూ ఒకేలా రావాలి. పీహెచ్‌డీ చేసిన శాస్త్రవేత్త సూత్రం రాస్తే, దాన్ని నిజం చేసేది యంత్రం దగ్గర నిలబడ్డ డిప్లొమా కుర్రాడు, ఐటీఐ చేసిన అమ్మాయి. నాకు ఈ రంగంలో బాగా నచ్చిన విషయం ఇది.

తర్వాతి మెట్టు కూడా సిద్ధమవుతోంది. కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం, ఐజీకార్, డీ9లో సిలికాన్, ఫాస్ఫరస్ పాళ్లు సరిచేసి ఐఫాక్-1 అనే ఉక్కు తయారు చేసింది. మామూలు ఉక్కులో ఫాస్ఫరస్ అంటే మలినం, తీసేయాలి. ఇక్కడ మాత్రం కొలత ప్రకారం ఉంచుతారు. అంతకంటే ముందుకు వెళ్లాలంటే పరమాణువుల అమరికే వేరుగా ఉండే ఫెరిటిక్ ఉక్కులు కావాలి. అవి చాలా తక్కువ ఉబ్బుతాయి. కానీ 600 డిగ్రీల దగ్గర బలం చాలదు. అందుకని వాటిలో యిట్రియం ఆక్సైడ్ నలుసులు కలిపి ఓడీఎస్ ఉక్కు చేస్తున్నారు. పొడి దశ నుంచి గొట్టం దాకా ఆ పనిలో హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ, ఎన్‌ఎఫ్‌సీ, ఐజీకార్ కలిసి పనిచేశాయి.

మరి ఇవన్నీ పరీక్షించడానికి ఏళ్ల తరబడి రియాక్టర్‌లో పెట్టి చూడాలా? కొన్నిటికి తప్పదు. కల్పాక్కంలోనే 1985 అక్టోబరు నుంచి నడుస్తున్న చిన్న టెస్ట్ రియాక్టర్, ఎఫ్‌బీటీఆర్, ఇందుకు పెద్ద దిక్కు. అందులో కార్బైడ్ ఇంధనాన్ని టన్నుకు 1,65,000 మెగావాట్-రోజుల దాకా మండించారు. ఆ తర్వాత పిన్నులను మందపాటి కాంక్రీటు గదుల్లో, గాజు కిటికీ వెనక నుంచి యాంత్రిక చేతులతో కోసి కొలిచారు. దగ్గరి దారి ఇంకోటి ఉంది. న్యూట్రాన్ల బదులు యాక్సిలరేటర్‌తో నికెల్ అయాన్లను ఉక్కు ముక్క మీదకు కొట్టడం. ఏళ్లలో జరిగే నష్టం గంటల్లో చేయొచ్చు, ముక్కకు రేడియోధార్మికత అంటదు. తర్వాత కొట్టిన చోటు ఎంత పైకి ఉబ్బిందో నానోమీటర్లలో కొలుస్తారు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ వాళ్లు చేసే పని ఇది, ఇంజినీర్లకే పరిమితం కాదు.

కొవ్వాడకు దీనితో ఏం పని?

సోడియం రియాక్టర్ ఒక్కటే కదా, మిగతావి నీటితో నడిచేవే కదా అని మీరు అడగొచ్చు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో వెస్టింగ్‌హౌస్ కంపెనీ రియాక్టర్లు ఆరు, ఒక్కోటి 1,208 మెగావాట్లవి, పెట్టాలన్నది చాలా కాలంగా ఉన్న ప్రతిపాదన. అవి నీటివే. వాటిలో ఇంధన గొట్టం జిర్కోనియంది. కానీ ఇంధనం చుట్టూ ఉండే పలకలు, వాటిని బిగించే బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీల్. అక్కడ వేడి 300 డిగ్రీల చుట్టూ ఉంటుంది కాబట్టి ఉబ్బు చిన్న సమస్య. పెళుసుదనం పెద్దది. కొత్తగా ఉన్నప్పుడు లాగితే 40, 50 శాతం సాగే ఉక్కు, కొన్నేళ్లు న్యూట్రాన్ల దెబ్బ తిన్నాక ఒక శాతం కూడా సమంగా సాగదు.

దీనికి తోడు ఇంకో చిక్కు. ఉక్కు చిన్న చిన్న స్ఫటికాల ముద్ద. లేచి తిరిగే పరమాణువులు ఆ స్ఫటికాల అంచుల దగ్గర క్రోమియాన్ని తగ్గించేస్తాయి. తుప్పు పట్టకుండా కాపాడేదే క్రోమియం. అది తగ్గిన అంచు వెంట, వేడి నీటిలో, బిగుతుగా ఉన్న బోల్టుకు సన్నని పగులు మొదలవుతుంది. 2016లో అమెరికాలో న్యూయార్క్ దగ్గరి ఇండియన్ పాయింట్ రెండో యూనిట్‌ను ఆపి చూస్తే, 832 బోల్టుల్లో 227 పాడైనట్టు తేలింది. ఫ్రాన్స్‌లో ఈ సమస్యను 1980ల చివరే చూశారు. ప్రమాదం జరగలేదు, వెతికారు కాబట్టి దొరికింది. ఎలా వెతికారు? నీటి అడుగున అల్ట్రాసోనిక్ పరికరంతో, ఒక్కో బోల్టునూ.

మన కొండల్లో కరెంటంటే సీలేరు. అక్కడ టర్బైన్‌కు ఏదైనా అయితే నీళ్లు ఆపి, మనిషి దిగి, చేత్తో తడిమి చూడొచ్చు. రియాక్టర్ లోపలి బోల్టును ఎవరూ తడమలేరు. దాన్ని వెల్డింగ్ చేసి బాగుచేయడం కూడా కష్టం. ఉక్కులో పుట్టిన హీలియం పది లక్షల పరమాణువులకు ఒకటి ఉన్నా చాలు, వెల్డింగ్ వేడికి బుడగలై పక్కనే పగులు తెస్తుంది. అందుకే కొవ్వాడ మీద చర్చలో భూమి, పరిహారం, భద్రత గురించి అడుగుతున్న మత్స్యకార కుటుంబాల ప్రశ్నలతో పాటు ఇదీ అడగాలి: 60 ఏళ్ల పాటు ఆ ఉక్కును ఎవరు, ఎన్నేళ్లకోసారి చూస్తారు? చూసిన లెక్కలు బయటపెడతారా? ప్రైవేటు కంపెనీలు వస్తే ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం. పరీక్ష కోసం రియాక్టర్ ఆపిన ప్రతి రోజూ వాళ్లకు ఆదాయం పోతుంది మరి.

ఉద్యోగాల మాట

ముందే చెబుతున్నా, 100 గిగావాట్లంటే లక్షల ఉద్యోగాలు రేపే వస్తాయని ఎవరైనా కోచింగ్ బ్రోచర్ చూపిస్తే నమ్మకండి. ఈ రంగంలో పోస్టులు వందల్లో ఉంటాయి, నోటిఫికేషన్లు సక్రమంగా రావు, ఎంపిక కఠినం. అయినా దారులు స్పష్టంగా ఉన్నాయి.

బీటెక్ మెటలర్జీ వాళ్లకు ప్రధాన దారి బార్క్ ట్రైనింగ్ స్కూల్, ఏడాది శిక్షణ ఇచ్చి సైంటిఫిక్ ఆఫీసర్‌గా తీసుకుంటారు. ఎమ్మెస్సీ ఫిజిక్స్, కెమిస్ట్రీ వాళ్లూ దీనికి రాయొచ్చు. ఎన్‌పీసీఐఎల్ గేట్ స్కోరుతో తీసుకునేది ఎక్కువగా మెకానికల్, ఎలక్ట్రికల్, కెమికల్ లాంటి బ్రాంచీలనే. మెటలర్జీ సీటు ఎన్‌ఐటీ వరంగల్, ఐఐటీ హైదరాబాద్, ఆంధ్రా యూనివర్సిటీ, జేఎన్‌టీయూ హైదరాబాద్, ట్రిపుల్ ఐటీల్లో ఉంది. కౌన్సెలింగ్‌లో చాలామంది దీన్ని ఆఖరి ఆప్షన్‌గా పెడతారు. నేను చదివింది మెకానికల్. నాలుగేళ్లలో రేడియేషన్‌తో ఉక్కు ఉబ్బుతుందన్న మాట క్లాసులో ఒక్కసారీ వినలేదు. మీకూ సిలబస్‌లో దొరక్కపోవచ్చు. క్రిస్టల్ లోపాలు, డిఫ్యూజన్, ఫేజ్ డయాగ్రామ్‌లు, ఈ మూడు చాప్టర్లు గట్టిగా చదివితే మిగతాది సొంతంగా అందుకోవచ్చు.

ఏజెన్సీలో డిగ్రీ చేస్తున్నవాళ్లతో ఒక మాట. చింతపల్లి, పాడేరు, అరకు, ఎక్కడ అడిగినా బీఎస్సీ తర్వాత ఏంటంటే డీఎస్సీ అనే జవాబే ఎక్కువ వస్తుంది. షెడ్యూల్డ్ ప్రాంతాల టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేశాక ఆ ఒక్క ఆశ మీదే కూర్చోవడం కష్టం. ఎన్‌పీసీఐఎల్, బార్క్, ఐజీకార్, ఎన్‌ఎఫ్‌సీ ‘స్టైపెండరీ ట్రైనీ’ నోటిఫికేషన్లు ఇస్తుంటాయి. మొదటి కేటగిరీకి 60 శాతం మార్కులతో డిప్లొమా గానీ బీఎస్సీ గానీ కావాలి. రెండో కేటగిరీకి ఐటీఐ గానీ ఇంటర్ సైన్స్ గానీ చాలు. శిక్షణ కాలంలో స్టైపెండ్ ఇస్తారు. కేంద్ర పోస్టులు కాబట్టి ఎస్టీ రిజర్వేషన్, ఐదేళ్ల వయసు సడలింపు ఉంటాయి. ఆ 60 శాతమే అసలు గండం. మొదటి సెమిస్టర్ మార్కులు తేలిగ్గా వదిలేసి చివర్లో 57 దగ్గర ఆగిపోతే ఫారం నింపే అవకాశమే ఉండదు.

ఇక ప్రైవేటులో దొరికేది ఎన్‌డీటీ, అంటే లోహాన్ని కోయకుండా లోపలి పగులు కనిపెట్టే పని. అల్ట్రాసోనిక్, ఎడ్డీ కరెంట్, రేడియోగ్రఫీ. రిఫైనరీలు, ఓడల యార్డులు, బాయిలర్లు, అన్నిచోట్లా అవసరం. అణు రంగం పెరిగితే ఇంకా పెరుగుతుంది, పెరగకపోయినా చేతిలో పని ఉంటుంది. విశాఖ పరిసరాల్లోనే మొదలుపెట్టొచ్చు. అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం దగ్గర బార్క్ రెండో క్యాంపస్ కూడా ఉంది. ఒక్క జాగ్రత్త తీసుకోండి. వారం రోజుల్లో లెవెల్-2 సర్టిఫికెట్ ఇస్తామని డబ్బు అడిగేవాళ్లుంటారు. లెవెల్-2కి శిక్షణ గంటలతో పాటు ఫీల్డ్ అనుభవం రుజువు చూపాలి. రేడియోగ్రఫీకైతే అణుశక్తి నియంత్రణ బోర్డు గుర్తించిన శిక్షణ తప్పనిసరి. ఫీజు కట్టే ముందు ఆ రెండూ కాగితం మీద చూపించమనండి.